తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ: ఆంబోతుల మధ్య దూడను కట్టింది ఎవరు?

లోక్‌సభ, రాజ్యసభల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ప్రాతినిధ్యం వహిస్తున్న సభ్యులకు,

నమస్కారం.

మీరు మొత్తం 60 మంది. లోక్‌సభలో 42, రాజ్యసభలో 18. పార్టీలు వేరు, జెండాలు వేరు, ఎన్నికలప్పుడు ఒకరి మీద ఒకరు వాడే మాటలు నలుగురిలో చెప్పుకోదగ్గవి కావు. ఒక్క విషయంలో మాత్రం మీకు అరమరికలు లేవు. అమెరికా, చైనా సుంకాలతో తలపడి ఇక్కడ రొయ్య ధర పడిపోయినప్పుడల్లా టీవీ చర్చలో కూర్చుని, ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్లు విరుగుతాయని సానుభూతి చూపిస్తారు. సామెత సంగతి సరే. ఆ దూడను తీసుకెళ్లి రెండింటి మధ్య గుంజకు కట్టింది ఎవరు, పలుపు విప్పాల్సింది ఎవరు అన్నది మాత్రం మీరెవరూ ఎత్తరు. నేను ఎత్తుతున్నాను.

పశ్చిమ గోదావరిలో ఆక్వా రైతులకు లెక్కలు రాసిపెట్టడం నా పని. సీడ్ (రొయ్య పిల్లలు), మేత, లీజు, కరెంటు, డీజిల్, కూలీలు, వడ్డీ. విదేశాంగ విధానం మీద నాకు పాండిత్యం లేదు. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే ఈ పద్దుల్లో ఏది తారుమారవుతుందో మాత్రం తెలుసు. చర్చల్లో ఎవరూ పట్టించుకోని ఆ కోణం నుంచే రాస్తున్నాను.

మా చెరువుల్లో పెరిగే వనామీ రొయ్య మనది కాదు. లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. 2009లో మన దేశంలో దాని సాగుకు అనుమతి వచ్చింది, కొన్నేళ్లలోనే టైగర్ రొయ్యను పక్కకు నెట్టేసింది. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా వంటి చోట్ల నుంచి విమానంలో చెన్నైకి వస్తాయి. నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షలు దాటాక మన తీరం వెంబడి పిల్లలు పుట్టించే హేచరీలకు చేరతాయి. వాటి పిల్లలు ఉండిలోనో, ఆకివీడులోనో, కైకలూరులోనో చెరువుల్లో పెరిగి, తల తీయించుకుని, తోలు ఒలిపించుకుని, గడ్డకట్టి మళ్లీ అమెరికాకే ఓడెక్కుతాయి. తల్లి అక్కడిది, తినే నోరూ అక్కడిదే. మధ్యలో తెల్లమచ్చ వైరస్, కరెంటు కోత, తుపాను, అప్పు మాత్రం మనవి.

2024-25లో దేశం నుంచి దాదాపు 62,400 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి. గడ్డకట్టించిన రొయ్యలు 7.41 లక్షల టన్నులైతే, అందులో 3.1 లక్షల టన్నులకు పైగా అమెరికాకే వెళ్లాయి. రెండో స్థానం చైనాది, 1.36 లక్షల టన్నులు. అంటే మన రొయ్యలకు ఉన్న ఇద్దరు పెద్ద ఖాతాదారులు ఒకరినొకరు గొంతు పట్టుకున్న ఇద్దరే. ఈ రొయ్యల్లో సింహభాగం ఎక్కడివో మీకు చెప్పక్కర్లేదు. మీలో కొందరికి చెరువులున్నాయి కూడా.

ఇప్పుడు 2025 ఏప్రిల్‌లో చెరువు గట్టు మీద జరిగింది చెబుతాను. ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రతీకార సుంకాల పట్టిక ఎత్తి చూపించారు. భారత్‌కు 26 శాతం, చైనాకు 34. ఆ సుంకం 9వ తేదీ నుంచి అమలు కావాలి. మన దగ్గర ధర పడటానికి 9 దాకా ఆగలేదు. పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజు, కొనుగోలు ఏజెంటు వల నుంచి ఒక కిలో తీసి లెక్కపెడతాడు. కిలోకు ఎన్ని తూగితే అది కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. లెక్క అయ్యాక ఫోన్ చేస్తాడు. ఆ వారం ఆ ఫోన్లో రాత్రి చెప్పిన ధర పొద్దుటికి లేదు. అమెరికా సంగతి తెలియదా అన్నాడు. వల లాగేశాక రొయ్యను తిరిగి నీళ్లలోకి వదలలేరు. ఐసు కరుగుతూ ఉంటుంది, లారీ వెయిటింగ్ చార్జీ లెక్కపెడుతూ ఉంటుంది. రైతు సరేనన్నాడు. అతను ఇంకేమనగలడు?

ఏప్రిల్ 9న ట్రంప్ 90 రోజుల విరామం ప్రకటించారు. పది శాతం మాత్రం ఉంచారు. మరి ధర పడిన వేగంతోనే తిరిగి లేచిందా? నా పుస్తకాల్లో లేవలేదు. అప్పటికే ప్లాంట్ల శీతల గిడ్డంగుల్లో ఉన్న సరకు ఏ రేటుకు కొన్నది, ఏ రేటుకు అమ్ముడుపోయింది అని అడిగిన అధికారి ఒక్కరు కూడా నాకు కనబడలేదు. ఎగుమతిదారుల కష్టం నాకు తెలియక కాదు. అమెరికా ఖాతాదారులకు చాలా సరకు సుంకం కట్టి గుమ్మం దాకా చేర్చే పద్ధతిలోనే అమ్ముతారు. ఓడ అమెరికా తూర్పు తీరం చేరడానికి నెలన్నర దాకా పడుతుంది. సరకు సముద్రం మీద ఉండగా సుంకం మారితే దెబ్బ వాళ్లదే. ఆ దెబ్బను కిందికి దించడానికి వాళ్లకు మెట్లున్నాయి. గట్టు మీద నిలబడ్డవాడికి కింద మెట్టు లేదు, చెరువే ఉంది.

ఆగస్టు వచ్చింది. 7వ తేదీ నుంచి 25 శాతం, రష్యా చమురు కొంటున్నామన్న నేరానికి 27వ తేదీ నుంచి మరో 25. పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ రాయితీ అందిందని వేసేది) సుంకాలు కలుపుకుంటే రొయ్యల మీద 58 శాతం దాటింది. యాంటీ డంపింగ్ కథ కొత్తదేమీ కాదు. 2003 చివర్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల రొయ్యల వేటగాళ్లు పెట్టుకున్న పిటిషన్‌తో మొదలై 2005 నుంచి సాగుతూనే ఉంది. తాను తినే రొయ్యల్లో 90 శాతానికి పైగా బయటి నుంచి తెచ్చుకునే దేశం, ఆ మిగిలిన కొద్దిమంది వేటగాళ్ల కోసం రెండు దశాబ్దాలు పట్టుదలగా నిలబడింది. నాకు కోపం రావాల్సిన విషయమే. నిజం చెప్పాలంటే అసూయ కలుగుతుంది.

ఇక్కడ ఒక తేదీ చూడండి. రష్యా చమురు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కొంటున్నది చైనా. ఆ చైనాతో సుంకాల విరామాన్ని ట్రంప్ ఆగస్టు 11న మరో 90 రోజులు పొడిగించారు. మన మీద 50 శాతం పడింది ఆగస్టు 27న. తప్పు ఒకటే అయినప్పుడు శిక్ష ఒకరికే ఎందుకు పడింది? మీలో కొందరు దీన్ని ద్వంద్వ నీతి అన్నారు. అవును, ద్వంద్వ నీతే. కానీ అది ఎలా సాధ్యమైందో కూడా చూడాలి కదా.

ఏప్రిల్‌లో అమెరికా చైనా మీద సుంకాన్ని 145 శాతం దాకా లాక్కెళ్లింది. చైనా తన వంతుగా 125 శాతం వేసింది. అది అందరికీ కనబడిన పోట్లాట. కనబడకుండా చేసిన పని, ఏప్రిల్ 4న ఏడు రకాల అరుదైన మృత్తికల (రేర్ ఎర్త్స్) ఎగుమతికి లైసెన్సు తప్పనిసరి చేయడం. డిస్ప్రోసియం, టెర్బియం, సమేరియం అన్న పేర్లు మన నోరు తిరగవు గానీ, కారు మోటారు నుంచి యుద్ధ విమానం దాకా వాడే శక్తిమంతమైన అయస్కాంతాలు అవి లేకుండా తయారు కావు. ప్రపంచంలో ఈ ఖనిజాలను శుద్ధి చేసే పనిలో దాదాపు 90 శాతం చైనా చేతుల్లో ఉంది. కొన్ని వారాల్లోనే కార్ల కర్మాగారాల్లో లైన్లు ఆగడం మొదలైంది. మే 12న జెనీవాలో ఒప్పందం కుదిరి అమెరికా సుంకం 30 శాతానికి, చైనాది 10 శాతానికి దిగాయి. అక్టోబరు 9న చైనా ఆ తాడును ఇంకొంచెం బిగించింది. ట్రంప్ వంద శాతం అదనంగా వేస్తానన్నారు. అదే నెల 30న బుసాన్‌లో షీ జిన్‌పింగ్‌తో కూర్చుని సర్దుకున్నారు. చైనా కొత్త ఆంక్షలను ఏడాది పాటు ఆపింది, సోయా కొంటానంది. అమెరికా సుంకం కొంత తగ్గించింది.

చైనాను మెచ్చుకోవడానికి రాయడం లేదు. గల్వాన్‌లో 2020 జూన్ 15 రాత్రి నేలకొరిగిన 20 మందిలో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఉన్నారు. ఆ నెలాఖరుకు మనం 59 యాప్‌లు నిషేధించాం, మీరు భావోద్వేగంతో ప్రసంగాలు చేశారు. ఆ తర్వాత? చైనా నుంచి మన దిగుమతులు 2019-20లో 65 బిలియన్ డాలర్లు, 2024-25లో 113 బిలియన్లు. మనం వాళ్లకు అమ్మింది 14 బిలియన్లే. ఆవేశం ఒక దారిలో, లెక్కల పుస్తకం మరో దారిలో నడిచాయి. రాసేవాడిగా నాకు ఆ రెండో పుస్తకం మీదే నమ్మకం.

మరి అరుదైన మృత్తికలు మన దగ్గర లేవా అంటే, భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా బీచ్ ఇసుకలోనే ఉన్నాయి. ఆ ఇసుకలో వాటిని దాచుకున్న మోనజైట్ అనే ఖనిజం ఉంది. దేశంలో ఎక్కువ మోనజైట్ నిల్వలున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అందులో థోరియం ఉంటుంది కాబట్టి అది అణుశక్తి శాఖ పరిధిలోని పదార్థం, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. వీటిని తీసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ 1950 నుంచి ఉంది. విశాఖలో సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల కర్మాగారం కూడా ఉంది, దాని సామర్థ్యం ఏడాదికి 3 టన్నులు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్లతో ఏటా 6,000 టన్నుల అయస్కాంతాలు తయారు చేసే పథకానికి ఆమోదం తెలిపింది. చైనా ఈ పని కొన్ని దశాబ్దాల ముందే మొదలుపెట్టింది. తీరం అంతా తవ్వి పారేయమని నేను అడగడం లేదు. మత్స్యకార గ్రామాలు అక్కడ ఉన్నాయి, ఇసుక తవ్వకాల పేరుతో జరిగిన దోపిడీలు వాళ్లు మరచిపోలేదు. మట్టిని తవ్వడం వేరు, దాని నుంచి లోహాన్ని విడదీసే విద్య నేర్చుకోవడం వేరు. రెండోదే అవతలివాడిని చర్చల బల్ల దగ్గర కూర్చోబెడుతుంది. ఆ పథకంలో మన రాష్ట్రానికి ఏమి దక్కుతోంది అని మీలో ఎంతమంది అడిగారు?

మిర్చి సంగతికి వస్తాను, లేకపోతే ఖమ్మం, గుంటూరు సభ్యులు ఈ ఉత్తరం తమకు కాదనుకుంటారు. మన తేజ రకం మిర్చికి విదేశాల్లో అతి పెద్ద గిరాకీ చైనాది. వాళ్లు ఎగబడి కొన్న సీజన్లలో క్వింటాలు 20 వేలు దాటింది, రైతులు అప్పు చేసి మరీ విస్తీర్ణం పెంచారు. 2025 మొదట్లో చైనా కొనుగోళ్లు మందగించాయి, ఇక్కడ పంట పోటెత్తింది, ధర కుప్పకూలింది. యార్డులో మిర్చి టిక్కీల (బస్తాల) మీద పడుకున్న రైతుల ఫొటోలు మీరు చూశారు. చివరికి ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధరతో 2.43 లక్షల టన్నులకు మార్కెట్ జోక్యం, అంటే ధర పడినప్పుడు ఆదుకునే పథకం, ప్రకటించింది. పెట్టుబడి పెట్టి, కోత కూలి కట్టి, కల్లంలో ఎండబెట్టిన రైతు చేతిలో అందులో ఎంత పడిందో మీ నియోజకవర్గంలోనే విచారించండి.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దిమ్మలు కూడా చైనాకే వెళ్లి అక్కడ పలకలవుతాయి. అక్కడ ఇళ్ల నిర్మాణం చతికిలపడితే ఇక్కడ క్వారీల్లో పని తగ్గుతుంది. 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడటానికి కారణాలు చాలా ఉన్నాయి, చైనా ఎరువుల ఎగుమతులను బిగబట్టడం వాటిలో ఒకటి. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము వచ్చి పడితే, ఎక్కువ కంగారు పడింది ఏ రాష్ట్రాల తల్లిదండ్రులో వేరే చెప్పాలా?

ఇంకో మెలిక ఉంది, అది టీవీ చర్చల్లో అసలు రాదు. వాళ్లిద్దరూ కొట్టుకుంటేనే మనకు నష్టం అనుకుంటాం. కొట్టుకోకపోయినా నష్టమే కావచ్చు. ఈక్వెడార్ ఇప్పుడు ప్రపంచంలో అతి పెద్ద రొయ్యల ఎగుమతిదారు. దాని పెద్ద మార్కెట్ చైనా. చైనాలో జనం హోటళ్లకు వెళ్లడం తగ్గిస్తే, ఈక్వెడార్ రొయ్య మన మార్కెట్‌నే వెతుక్కుంటూ అమెరికాకు వెళ్తుంది. అమెరికా మనకంటే దానికే దగ్గర, 2025 ఆగస్టు తర్వాత సుంకం కూడా మనకంటే చాలా తక్కువ పడింది. 2020లో దాని రొయ్యల ప్యాకింగ్ మీద కరోనా ఆనవాళ్లున్నాయని చైనా రేవుల్లో కొన్ని కంపెనీల దిగుమతులు ఆపినప్పుడు ఈ చిత్రం ఒకసారి కనబడింది. అంటే చైనాకు ఒక్క రొయ్య కూడా అమ్మని భీమవరం రైతు ధరను కూడా చైనా ఆకలే నిర్ణయిస్తోంది. ఏ పక్షం గెలవాలని మీరు కోరుకుంటున్నారో గానీ, నా పుస్తకంలో ఏ పక్షం గెలిచినా జమ పడే పద్దు కనబడటం లేదు.

2018లో ఈ వాణిజ్య యుద్ధం మొదలైనప్పుడు చైనా అమెరికా సోయా మీద 25 శాతం సుంకం వేసింది. అమెరికా ప్రభుత్వం ఏమి చేసిందో తెలుసా? 2018లో 12 బిలియన్ డాలర్లు, 2019లో 16 బిలియన్ డాలర్లు తన రైతులకు సహాయంగా ప్రకటించింది. యుద్ధం మొదలుపెట్టింది తానే, దెబ్బ తిన్న తన రైతు ఖాతాలో డబ్బు వేసిందీ తానే. ఆ యుద్ధంతో సంబంధం లేని మన రైతుకు? 2025 నవంబరు 12న కేంద్రం ఎగుమతుల ప్రోత్సాహానికి 25,060 కోట్ల పథకం, ఎగుమతిదారుల రుణాలకు 20,000 కోట్ల హామీ ప్రకటించింది. మంచిదే. కానీ ఎగుమతిదారు అంటే ఎవరు? లైసెన్సు, ప్లాంటు ఉన్నవాడు. ఎకరాకు ముందే లీజు కట్టి, మేత అప్పు తెచ్చి, రాత్రంతా చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల శబ్దం వింటూ కాపలా కాసే కౌలు రైతు ప్రభుత్వం దృష్టిలో ఎగుమతిదారు కాదు. చాలాచోట్ల రైతు కూడా కాదు, కాగితం భూమి యజమాని పేరు మీద ఉంటుంది. ఆయనకు ఈ రెండు పథకాల్లో గడి ఎక్కడుంది?

మీరు ఏమీ చేయలేదనను. ముఖ్యమంత్రి చంద్రబాబు 2025 ఏప్రిల్‌లోనే వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్‌కు లేఖ రాసి, రొయ్యలను సుంకం నుంచి తప్పించేలా చూడమన్నారు. మీలోనూ కొందరు వినతిపత్రాలు ఇచ్చారు, ఫొటోలు వచ్చాయి. నా అభ్యంతరం ఒక్కటే. దెబ్బ పడ్డాక రాసే ఉత్తరం ఎప్పుడూ మినహాయింపు కోసమే. మినహాయింపు ఇచ్చేది వాషింగ్టన్, ఇవ్వకపోతే అడగడం తప్ప మీ దగ్గర వేరే దారి లేదు. సుంకం ఈ వారం ఎంత, వచ్చే నెల ఎంత అన్న లెక్క అందుకే ఈ లేఖలో పెట్టలేదు. అది మారుతూనే ఉంటుంది. ఒక సరకులో సగానికి దగ్గరగా ఒకే దేశం నోట్లో పెట్టే ఏర్పాటు మారకపోతే, రేటు దిగినా మన పలుపు ఆ గుంజకే ఉంటుంది.

కాబట్టి ఢిల్లీని అడగండి, వాషింగ్టన్‌ను కాదు. యూరప్ 2025 సెప్టెంబరులో మన దేశం నుంచి మరో 102 సముద్ర ఉత్పత్తుల యూనిట్లకు ఎగుమతి అనుమతి ఇచ్చింది. వాటిలో మనవి ఎన్ని, యాంటీబయాటిక్ పరీక్షల్లో మన సరకు తిరిగి రాకుండా జిల్లాకో ప్రయోగశాల ఎప్పుడు వస్తుంది? యూరప్ మార్కెట్ సుంకం దగ్గర ఆగదు, మందుల అవశేషాల దగ్గర ఆగుతుంది. మందుల దుకాణాల మీద నిఘా అంటే స్థానిక నాయకులకు ఇబ్బందే, తెలుసు. మన దేశంలోనే 140 కోట్ల మంది ఉన్నారు, రొయ్య తినేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత. గట్టు మీద కిలో ధరకూ హైదరాబాద్ దుకాణంలో ధరకూ మధ్య ఉన్న ఖాళీని చూస్తే, అడ్డం ఉన్నది ఆకలి కాదు, శీతల రవాణా అని ఎవరికైనా అర్థమవుతుంది. ఇక ధర సంగతి. సుంకం వార్త వచ్చిన రోజు, అప్పటికే గిడ్డంగిలో ఉన్న సరకు నిల్వ ఎంతో ప్లాంట్లు ప్రకటించి తీరాలని నిబంధన తెండి. అప్పుడు ఏజెంటు ఫోన్లో వినబడే అమెరికా సంగతి ఎంత నిజమో రైతుకూ తెలుస్తుంది. కొందరు మిత్రులకు ఈ మాట రుచించదు. మీలోనే ఉన్నారు వాళ్లు.

వీటన్నిటికీ ముందు ఒక చిన్న పని ఉంది. వచ్చే సమావేశాల్లో మీలో ఒకరు నక్షత్ర గుర్తు ప్రశ్న వేయండి. మాటలు కూడా నేనే రాసిస్తున్నాను:

“ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ జిల్లాలో ఏ ఎగుమతి సరకులో సగానికి మించి ఒకే దేశానికి వెళ్తోంది? గత అయిదేళ్లలో ఆ వాటా పెరిగిందా, తగ్గిందా? ఆ దేశం కొనడం ఆపితే పండించినవారికి, కౌలుదారులతో సహా, చెల్లించడానికి ప్రభుత్వం వద్ద ఉన్న ఏర్పాటు ఏమిటి?”

మంత్రి గారు సభలో నిలబడి జవాబివ్వాలి, అనుబంధ ప్రశ్నలు ఆ సభలోని మిగతావాళ్లు అందుకోవచ్చు. పార్టీ విప్‌లు దీనికి అడ్డు రావు. ఫిబ్రవరిలో చెరువులకు సున్నం చల్లి, నీళ్లు పెట్టి, సీడ్‌కు అడ్వాన్సులు కడతారు. ఆ లోపు జవాబు వస్తే ఎంత విస్తీర్ణంలో వేయాలో, ఎంత అప్పు తేవాలో మా వాళ్లు తేల్చుకుంటారు.

ఇట్లు,
పశ్చిమ గోదావరి జిల్లా నుంచి
ఒక ఆక్వా లెక్కల గుమాస్తా